ఐదూళ్ల ఇంజను

“నువ్వు చంపినవా?”

ఇస్రాయేలు అడిగిన మొదటి మాటే అది. మంచిగున్నవా లేదు, తిన్నవా లేదు. ఎర్రగట్టు చావడిల స్తంభానికి నడుము కట్టేసి కూసోబెట్టిన ఐలేశం తలకాయ లేపి చూసిండు. మూడు దినాల గడ్డం, కళ్ల కింద నలుపు.

“స్ప్రింగు తెచ్చింది నేను. బిగించింది నేను. పొద్దుగాల తిప్పి చూసుకో అని హ్యాండిలు చేతికిచ్చింది నేను. ఇంక సంపలేదని ఏ నోటితోని చెప్పాలన్నా?”

“అడిగిందానికి చెప్పు.”

“సంపలే.”

“సరే. ఇప్పుడు ముచ్చట మొదలుపెడదాం.”

ఇస్రాయేలు మిల్ట్రీ లారీలు నడిపి వచ్చినోడు. నల్లగొండల రేడియో దుకాణం మీద ఒక గది కిరాయికి పట్టి, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కొట్టించిండు. బోర్డు చదివి నవ్వినోళ్లు చాలామంది, మెట్లెక్కినోళ్లు కొందరు. నిన్న ఆ మెట్లెక్కింది ఐలేశం తల్లి గుర్వమ్మ. కట్టంగూరు దాక నడిచి, అక్కడ బస్సెక్కి వచ్చింది ముసలామె. “మా పెద్దోడు గొర్రెను కోస్తుంటే గూడ మొకం తిప్పుకుంటడు బిడ్డా” అన్నది. ఏడ్వలేదు. కాళ్లు పట్టుకోలేదు. ఆ ఒక్క మాట చెప్పి కొంగు దులుపుకొని లేచింది. ఇస్రాయేలు ఆమె ఎనుకనే బస్సెక్కిండు.

కేసు చూస్తే పోలీసోళ్లకు పండగ. మొన్న పొద్దున లచ్చయ్య బావి మీద ఆయిలింజను చక్రం పగిలింది. ఇనుప ముక్క లచ్చయ్య రొమ్ములకెళ్లి పోయింది. దవాఖానకు ఎత్తుకపోయే పని గూడ పడలేదు. ముందటి సాయంత్రం ఆ ఇంజనును బాగుచేసింది ఐలేశం. అంతకు వారం ముందు లచ్చయ్యతోని కొట్లాడింది ఐలేశం. మధ్యాహ్నం వచ్చే జీపుల ఐలేశాన్ని కోర్టుకు తోల్కపోతరు. ఖూనీ కేసు ఒకసారి కాగితమెక్కితే, గొర్లకాపరి కొడుకు దాన్ని దింపుకునేదాక జైల్లనే ముసలోడైతడు.

“కొట్లాట దేని గురించి?”

“నా గొర్లు ఆయన పల్లిచేన్ల పడ్డయ్. పడ్డయన్నా, అబద్ధమెందుకు. పట్టి బందెలదొడ్డికి తోలిండు. నీళ్లు లేక రెండు పిల్లలు ఆన్నే సచ్చినయ్.”

“అప్పుడు నువ్వేమన్నవ్?”

ఐలేశం నేల చూసిండు.

“నన్నే చెప్పమంటవా? కల్లుమండువ కాడ నలుగురిల నిలబడి, ‘నీ ఇంజనే నిన్ను తింటది సూడు’ అన్నవ్.”

“అన్న. ఇంక నీ ఇంజను ముట్ట, ఖరాబైతే ఎండి సావు అనే లెక్కల అన్న.”

“ముట్టనన్నోనివి మళ్ల ఎందుకు ముట్టినవ్?”

ఐలేశం ఆశ్చర్యంగ చూసిండు, ఇదేం అడుగుడన్నట్టు. “ఇంటికొచ్చి అడిగిండు గదన్నా. సామాను అడిగితే లేదంటమా?”

ఆ మాట నల్లగొండ వకీలుకు అర్థం కాదు. ఎర్రగట్టుల అందరికీ అర్థమైతది. ఆ గట్టు చుట్టు ఐదూళ్లున్నయ్. ఐదూళ్లల్ల ఒక రివాజు ఉన్నది. దున్నకం రోజులల్ల ఒకని ఎద్దు పడుకుంటే పక్కూరోని ఎద్దు వస్తది. పగోడైనా సరే, బదులెద్దు అడిగితే లేదనొద్దు. అప్పుల మీద ఆయిలింజన్లు వచ్చినంక ఇంజన్లను గూడ అదే రివాజులకు తీసుకొచ్చిన్రు. ఒక బావి నాజిలు మొరాయిస్తే ఇంకో బావి నాజిలు వస్తది. ఎవని చేను ఎక్కువ ఎండితే వానికి ముందు. కంపెనీ దుకాణం పట్నంల ఉన్నది. ఆడికెళ్లి సామాను రావాలంటే నెల పడ్తది. పల్లిచేను నెల ఆగదు. అందుకని ఐలేశం సైకిలు మీద పానా, ఆకురాయి, గోనెసంచి పెట్టుకొని ఐదూళ్లు తిరుగుతుంటడు. ఈడ ఊడబెరికి ఆడ బిగిస్తుంటడు. మంచి రివాజే. ఆ మంచితనాన్నే ఇప్పుడు తెచ్చి స్తంభానికి కట్టిన్రు.

“ఏమోయ్ ఇస్రాయేలూ!”

చావడి గడప మీద బూట్లు చప్పుడైనయ్. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఎల్లస్వామి. మీసం కిందికెళ్లి నవ్వుతున్నడు. ఇద్దరికీ పాత పేచీ. మునుపు రెండు కేసులల్ల ఒకటి ఈయన గెలిచిండు, ఒకటి ఆయన గెలిచిండు.

“ముసలామె గొర్రెపిల్లను ఇస్తనన్నదా, పొట్టేలునే ఇస్తనన్నదా?”

“నా జీతం ముచ్చట ఎందుకు సాబ్. మీరు ఇంజనును చూసిన్రా, ఇంజను కాడ దొరికిన మనిషినే చూసిన్రా?”

“రెండూ చూసిన.” ఎల్లస్వామి జేబులకెళ్లి రుమాలు తీసి విప్పిండు. అందుల మందపాటి స్ప్రింగు ఒకటి. “ఇగో నీ మనిషి బిగించిన సామాను. ఈ కొస చూడు.”

కొస మీద ఆకురాయి పెట్టి రాకిన గీతలు తెల్లగ మెరుస్తున్నయ్.

“సరిపోయే సామానుకు ఆకురాయి ఎందుకోయ్? సరిపోదని తెల్సు. అయినా రాకి రాకి ఇరికించిండు. ఎందుకు? నోటితోని ముందే చెప్పిండు గద ఎందుకో. నాకు ఇంతకంటె ఏం కావాలె?”

ఐలేశం నోరు తెరిచిండు. ఇస్రాయేలు చెయ్యి అడ్డం పెట్టిండు. “నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడిన కొద్ది ఈయనకు లాభం. సాబ్, బావి కాడికి పోదాం పట్టున్రి. జీపు వచ్చేదాక మీకు మాత్రం ఏం పనున్నది?”

“పా. చూస్త నీ పనితనం.”

---

లచ్చయ్య బావి కాడ కొట్టం పైకప్పు తాటాకులు చెదిరి పెద్ద బొక్క పడ్డది. నల్లరంగు ఇంజను ఇంక దిమ్మె మీదనే ఉన్నది. పెద్ద చక్రంల సగం ఇరుసుకు వేలాడుతాంది, సగం లేదు. కొంచెం దూరంల లచ్చయ్య భార్య సోమమ్మ, చుట్టాలు కూసున్నరు. మూడో దినం. విస్తరిల అన్నం పెట్టి పిట్ట కోసం చూసిన్రు. కాకి వచ్చి ముట్టిపోయింది. ఇంక లేచేటట్టున్నరు.

ఇస్రాయేలు ముందు చక్రం కాడ కూసున్నడు. విరిగిన కాడ వేలు పెట్టి ఒక కొసకెళ్లి ఇంకో కొసకు తడుముకుంట పోయిండు.

“ఏం దొరికింది?” ఎల్లస్వామి బీడీ ముట్టించిండు.

“ఏం దొరకలే. అదే ముచ్చట. పగిలిన మొకమంత ఒక్కతీరు బూడిద రంగు. ముందే బీట ఉంటే ఆడ తుప్పుతోని నల్లగుండాలె. రంపం పెట్టి ఉంటే నున్నగుండాలె. చక్రం మొన్నటిదాక నిక్షేపంగున్నది సాబ్. దీన్ని ఎవడు ముట్టలే.”

“చక్రం ముట్టిండని నేననలేదు. స్ప్రింగు ముట్టిండన్న.”

“ఆ ఆకురాయి గీతలు గద. ఇటు రాండ్రి.”

ఇస్రాయేలు ఇంజను చుట్టు తిప్పిండు. హెడ్డు మీది నట్టు చూపెట్టిండు, మూలలు రాకి ఉన్నయ్. నాజిలు మెడ చూపెట్టిండు, అదీ రాకి ఉన్నది. పంపును ఇంజనును కలిపే బిళ్ల బొక్కలు కోలగ సాగి, సందుల డబ్బా రేకు మడిచి పెట్టి ఉన్నది. నూనెగొట్టం కాడ గోనెపీచు చుట్టి ఉన్నది.

“హెడ్డు ఒక ఊరిది, నాజిలు ఒక ఊరిది, బిళ్ల ఇంకో ఊరిది. ఇది లచ్చయ్య ఇంజను కాదు సాబ్, ఐదూళ్ల ఇంజను. ప్రతి సామానును పక్క సామానుకు సరిపోయేటట్టు రాకిన్రు. ఆకురాయి గీతలే ఖూనీకి గుర్తయితే ఈ ఒక్క ఇంజను మీద అరడజను ఖూనీలు కట్టాలె మీరు.”

ఎల్లస్వామి వంగి ఒక్కో గీత చూసిండు. మొండోడే గని మొద్దోడు కాదు. లేచి నిలబడ్డంక నవ్వు లేదు.

“సరే. గీతలు ఇడిసిపెట్టిన. ఇప్పుడు నువ్వు నాకు చెప్పు. ఏడేండ్ల సంది ఇదే చక్రం ఇదే బావి మీద తిరుగుతాంది. ఐలేశం ఒక్క సామాను మార్చిండు. తెల్లారి మనిషి చచ్చిండు. చక్రం మంచిదే అంటున్నవ్. స్ప్రింగు మంచిదే అంటున్నవ్. బిగించినోడు మంచోడే అంటున్నవ్. అందరు మంచోళ్లే అయితే లచ్చయ్య ఎట్ల చచ్చిండోయ్?”

ఇస్రాయేలు లేచి కొట్టమంత తిరిగిండు. కొట్టం మూల తుక్కుల పడి ఉన్న పాత స్ప్రింగు కంటపడ్డది, కొక్కెం తెగిపోయింది. అదే ఐలేశం ఊడదీసింది. తీసి జేబులేసుకున్నడు. సోమమ్మ కాడికి పోయి దూరంగ కూసున్నడు.

“అక్కా, ఈ దినం నిన్ను అడగొద్దు. అడగక తప్పుత లేదు. ఇంజను మొదలైనప్పుడు నువ్వీడనే ఉన్నవా?”

“కాలువ మీదున్న. పార పట్టుకొని.”

“చప్పుడు ఎట్లుండె?”

“చప్పుడు ఎవలిన్నరన్నా. నేను నీళ్లు సూసిన. ఏడేండ్లల్ల అన్ని నీళ్లు ఎన్నడు రాలే. పైపు పట్టనన్ని. కాలువ కట్ట తెగుతాంటే నేను మట్టేస్తున్న, మట్టేస్తున్న, ఆగుత లేదు. ఆయన నవ్వుతున్నడు. ‘సోమీ, ఐలేశంగాని చెయ్యి బంగారమే’ అని కేకేసిండు.” కొంగు నోట్ల కుక్కుకున్నది. కొంచెం సేపటికి తీసింది. “గదే ఆఖరు మాట.”

“ఇంజను ఊగలేదా? ఆపమని అనలేదా నువ్వు?”

“ఎండిన చేన్లకు నీళ్లొస్తాంటే ఆపుమని ఎవలంటరే!” అన్నది ఆమె. ఇస్రాయేలును కాదు, ఎవరినో తిట్టినట్టు అన్నది.

ఎల్లస్వామి ఎనుకనుంచి గొణిగిండు. “చచ్చినోడు చంపినోని చెయ్యి మెచ్చుకున్నడన్నమాట. కోర్టుల ఇది చదివితే జడ్జి నవ్వుతడు.”

ఇస్రాయేలు నవ్వలేదు. ఆయన బుర్రల ఒకటే తిరుగుతాంది. బావి అదే, పంపు అదే, పైపు అదే. నీళ్లు ఎక్కువెట్ల వచ్చినయ్? పంపు ఎక్కువ తిరిగితేనే వస్తయ్. పంపు ఎక్కువ తిరగాలంటే ఇంజను ఎక్కువ ఉరకాలె.

“సాబ్, ఆ కొత్త స్ప్రింగు ఎవరి దగ్గర తెచ్చిండు?”

“పొలిమేర అవతల కాటమయ్య. నేతిగూడెపాయన. ఆ చింతల ఎనుక బావి.”

“నడువున్రి.”

---

కాటమయ్య లావుపాటి రైతు. ఐదూళ్లల్ల మొట్టమొదలు కొత్త ఇంజను కొన్నోడు. పోలీసు టోపీని చూసి గడ్డపార పక్కకు పడేసి ఉరికొచ్చిండు.

“నా స్ప్రింగు నిక్షేపం సారూ! నా ఇంజను రెండేండ్ల సంది అసొంటి స్ప్రింగు మీదనే నడుస్తాంది. ఒక్కనాడు దగ్గలే. కావాలంటే నడిపిచ్చి సూపెడ్త.”

నడిపిచ్చి చూపెట్టిండు. పచ్చరంగు ఇంజను గడగడమని లేచి, నీళ్లు ఎత్తి పోసింది. చెయ్యి పెడితే చక్రం వణుకుడు గూడ లేదు. ఎల్లస్వామి ఇస్రాయేలు మొకం చూసిండు. స్ప్రింగు గూడ నిర్దోషే. ఇంక మిగిలింది ఐలేశం ఒక్కడే.

ఇస్రాయేలు మాత్రం చక్రం దిక్కు చూస్తున్నడు. ఇంజను ఆపించిండు. చుట్టు తిరిగిండు. పేరు చెక్కిన పలక మీద త్రినేత్ర అని అదే పేరు, మూడు కండ్ల గుర్తు అదే. హ్యాండిలు అదే. బోల్టుల జాగలు అవే. అవతల నల్లది, ఇక్కడ పచ్చది, రంగు తప్ప కవలపిల్లలు. చక్రం మాత్రం వేరే. నల్ల ఇంజను చక్రం మనిషి రొమ్ము దాక ఉండె, అంచు పలుచగ. ఇది మోకాలు మీదికి ఉన్నది, రోకటి బండోలె దళసరి.

“కాటమన్నా, ఇది అమ్మినోడు పాత ఇంజన్ల గురించి ఏమన్న చెప్పిండా?”

“చెప్పిండు. నేనే అడిగిన. మా తాన బదులు సామాను రివాజున్నది, ఇది పాతవాటికి కలుస్తదా అని. ‘కంపెనీ ఒక్కటే, పేరు ఒక్కటే, సామాను ఒక్కటే. దీనిది దానికి పడ్తది, దానిది దీనికి పడ్తది, ఫికర్ చెయ్యకు’ అన్నడు. నిజమే గద, పడ్డది గద!”

“పడ్డది.” ఇస్రాయేలు జేబులకెళ్లి తెగిన స్ప్రింగు తీసి కొసకు తీగె కట్టిండు. ఎల్లస్వామి చేతిల రుమాలు కోసం చెయ్యి చాపిండు. “సాబ్, అది ఇయ్యున్రి. తినను.”

రెండు స్ప్రింగులు కొట్టం వాసానికి తగిలించిండు. చూపుకు రెండూ ఒక్క తల్లి పిల్లలు. పొడుగు ఒక్కటే, చుట్లు ఒక్కటే. గట్టు మీది రాయి తెచ్చి మోకు కట్టి పాతదానికి వేలాడదీసిండు. చుట్లు విచ్చుకున్నయ్, సందులల్ల వేలు దూరింది. అదే రాయి కొత్తదానికి కట్టిండు. చుట్లు కదలలేదు. గోరు దూరలేదు.

ఎల్లస్వామి నోట్ల బీడీ ఆరిపోయింది.

“సాబ్, ఇటు చూడున్రి. గవర్నరంటరు దీన్ని. ఇంజనుకు కళ్లెం ఇది. ఈ రెండు ఇనుప గుండ్లు ఇంజను ఉరికిన కొద్ది చేతులు చాపినట్టు బయటికి పోతయ్. బయటికి పోతే నూనె తగ్గుతది, ఇంజను నిమ్మళిస్తది. స్ప్రింగేమో గుండ్లను లోపటికి గుంజుతది. మెత్త స్ప్రింగు జల్ది ఇడుస్తది. గట్టి స్ప్రింగు ఇడువది. ఇంక ఉరుకు, ఇంక ఉరుకు అంటది.”

“ఉరికితే?”

“పచ్చ ఇంజను ఉరికేటందుకే చేసిన్రు. చిన్న చక్రం, గట్టి చక్రం, తట్టుకుంటది. నల్ల ఇంజను నిదానపుది. దాని చక్రం నిదానంగ తిరిగేటందుకే పోసిన్రు. ఆ నిదానపు చక్రాన్ని ఈ స్ప్రింగు పచ్చ ఇంజను లెక్క ఉరికించింది. నీళ్లు మస్తు వచ్చినయ్. లచ్చయ్య సంబురపడ్డడు. చక్రం ఓర్చుకున్నంత ఓర్చుకొని పగిలింది.” ఇస్రాయేలు రాయి విప్పి కింద పడేసిండు. “స్ప్రింగు మంచిది. చక్రం మంచిది. రెండిటికీ ఒకదాన్నొకటి తెల్వదు, అంతే. మిల్ట్రీల ఒక్క నట్టు మారినా బండి మీద కొత్త నంబరు కొట్టమనేటోళ్లు. కొట్టలేక తిట్టుకునేటోన్ని. ఎందుకు కొట్టాల్నో ఇయ్యాల తెల్సింది.”

కాటమయ్య గోడకు ఒరిగి కూలబడ్డడు. “నా డబ్బల సామానే గదనే లచ్చన్నను తిన్నది...”

“నీ తప్పు లేదే కాటమన్నా. అదే నా బాధ. ఎవని తప్పు అంటే చూపెట్టేటందుకు మనిషి లేడు. కంపెనీల ఇంజనును మార్చినోడు ఎక్కడనో ఉన్నడు, మార్చిన సంగతి చెప్పలే. అమ్మినోనికి తెల్వదు, తెల్వదని గూడ వానికి తెల్వదు. మధ్యల బిగించినోడు ఒక్కడే చేతికి చిక్కిండు.”

ఎల్లస్వామి వాసానికి తగిలించిన కొత్త స్ప్రింగు తీసి రుమాల్ల చుట్టుకున్నడు. తర్వాత మెల్లగ అన్నడు. “నమ్మిన ఇస్రాయేలూ. ఒట్టు, నమ్మిన. కాని నా నమ్మకంతోని ఏమైతది? పైన అడుగుతరు, చంపిందెవరు? ఒక స్ప్రింగు అని రాస్తనా? బొంబాయిల ఉన్న కంపెనీని స్తంభానికి కట్టి తెస్తనా? వాడు నలుగురిల అన్నడు, నీ ఇంజనే నిన్ను తింటదని. వారం తిరగంగనే... వాని చెయ్యి దాని మీద ఉన్నది. నేను ఇడిసిపెడితే నన్ను ఇడువరు. ఏదున్నా కోర్టుల చెప్పుకో.”

“కోర్టుల ఈ రాయి కట్టి చూపెట్టనిస్తరా?”

“ఇయ్యరు.”

ఇద్దరూ తిట్టుకుంటే అయినా బాగుండు. ఏం మిగిలిందని తిట్టుకుంటరు? ఇస్రాయేలు ఊకె చేతులు పెట్టుకోలేక కాటమయ్య సామాను డబ్బ మూత తెరిచిండు. లోపట మెత్తటి గుడ్డ పరుపు, ప్రతి సామానుకు దాని ఆకారంల ఒక గుంట. స్ప్రింగు గుంటలు రెండున్నయ్. రెండూ ఖాళీ.

“కాటమన్నా. రెండోది ఏది?”

“గదీ ఐలేశమే పట్కపోయిండు. ఒక్క రోజే, రెండు. నాకేం పనున్నది, పట్కపో అన్న.”

ఎల్లస్వామి గిర్రున తిరిగిండు. “రెండు? వాడు నాకు ఒకటే చెప్పిండు!”

---

చావడికి ఉరికినట్టే వచ్చిన్రు. జీపు అప్పటికే వచ్చి నిలబడ్డది. కానిస్టేబులు ఐలేశం కట్లు విప్పి చేతులకు మోకు కడుతున్నడు.

“రెండో స్ప్రింగు ఏడ దాచినవ్‌రా?” ఎల్లస్వామి గల్లా పట్టిండు. “ఇంకెవనికోసం పెట్టినవ్?”

ఐలేశం ఇస్రాయేలు దిక్కు చూసిండు. దొరికిపోయినోని చూపే అది. నిజంగ వీడే చేసిండా అనుకున్నడు ఇస్రాయేలు.

“దాచలే,” అన్నడు ఐలేశం. “మా తమ్మునిది... బీరన్న ఇంజనుకు బిగించిన. ఆనిది నల్లదే. స్ప్రింగు సాగిపోయింది, నడుస్త లేదు. లచ్చయ్యది బిగించినంక ఆనిది గూడ బిగించిన.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే సాక్ష్యమని ఆ ఇంజను గూడ గుంజుకపోతరనుకున్న సారూ. నేను జైలుకు పోతున్న. ఉన్న ఒక్క చేను గూడ ఎండిపోతే మా అవ్వ ఏం తింటది?”

ఎల్లస్వామి చెయ్యి గల్లా మీదికెళ్లి జారింది. ఆయన మొకంల వెలుగు వచ్చింది, నిజమైన వెలుగు. “ఇస్రాయేలూ! ఇది కావాలె నాకు! చంపాలనుకున్నోడు అదే సామాను సొంత తమ్ముని ఇంజనుకు బిగిస్తడా? ఏ జడ్జి అయినా ఇంటడు. ఆ ఇంజను గూడ గిట్లనే పగిలిందంటే వీడు రేపే ఇంటికొస్తడు!”

అన్నంక ఆయన నోరు అట్లనే తెరుచుకొని ఉన్నది. ఏమన్నడో ఆయనకే ఇనబడ్డది.

“పగులుడేంది?” ఐలేశం ఇద్దరి మొకాలు మార్చి మార్చి చూసిండు. “అన్నా, పగులుడేంది?”

ఇస్రాయేలు చెప్పిండు. నాలుగు మాటలల్ల చెప్పిండు. సగంలనే ఐలేశానికి అర్థమైంది. ఐదూళ్ల ఇంజన్లు చేతులతోని ఎరిగినోడు. కట్టిన చేతులు లేపి నెత్తి కొట్టుకున్నడు.

“పిట్ట ముట్టిందా? ఇయ్యాల పిట్ట ముట్టిందా?”

“ముట్టింది. ఏం?”

“మనిషి పోతే మూడు దినాలు మా తాన బావులు నడువయ్. పిట్ట ముట్టంగనే అన్నీ నడుపుడు మొదలుపెడ్తరు. బీరడు మూడు దినాల సంది చేను కాడనే పడుకున్నడు ఎప్పుడెప్పుడని... అవ్వ గూడ సద్ది పట్టుకొని పొద్దుగాలనే పోయింది. సారూ, నన్ను ఉరి తియ్యున్రి, ఖూనీ నేనే చేసిన్నని రాసుకోన్రి, ఆని ఇంజను ఆపున్రి!”

ఎల్లస్వామి వాన్ని రెక్క పట్టి జీపులకు తోసిండు, తాను ఎక్కిండు. “ఎటు?” అన్నడు డ్రైవరు, నల్లగొండ తొవ్వ దిక్కు చూసుకుంట. ఇన్‌స్పెక్టర్ వాని నెత్తి మీద కొట్టిండు. “వాడు ఎటు చెప్తే అటు!”

జీపు బండ్లబాట మీద ఎగురుకుంట పోయింది. ఐలేశం “ఎడమకు, ఎడమకు” అని అరుస్తున్నడు. గట్టు చుట్టి దిగినంక బాట అయిపోయింది. ముందట వాగు. మొన్నటి మబ్బుకు పైన ఎక్కడనో కురిసి ఎర్ర నీళ్లు ఒడ్డు పట్టి పోతున్నయ్. జీపు ముక్కు నీళ్లల్ల పెట్టంగనే ఇంజను దగ్గి ఆగిపోయింది.

వాగవతల, కేకేస్తే అందేటంత దూరంల, బీరన్న బావి. బీరన్న వంగి హ్యాండిలు తిప్పుతున్నడు. పొగగొట్టం నల్లగ ఒక్కసారి ఊదింది. ఇంజను అందుకున్నది.

“బీరా!” ఐలేశం గొంతు చిరిగిపోయేటట్టు అరిచిండు. “ఆపురా! ఆపు!”

ఇస్రాయేలు వాగులకు దుంకిండు. నాలుగడుగులకు నీళ్లు రొమ్ముకొచ్చినయ్, కాలు నిలువలేదు, కొట్టుకొచ్చి జీపు ముక్కుకే పడ్డడు. ఎల్లస్వామి పిస్తోలు తీసి మబ్బులకు కాల్చిండు. ఒకటి. రెండు. ఇంజను చప్పుడు పెరుగుతాంది. ఆ చప్పుడుల పిస్తోలు మోత చెట్టు కొమ్మ విరిగినంత గూడ ఇనబడలేదు.

అయినా బీరన్న తలకాయ తిప్పిండు. జీపును చూసిండు. జీపు మీద నిలబడి చేతులు ఊపుతున్న అన్నను చూసిండు. మొకమంత నవ్వు చేసుకొని తల్లి భుజం తట్టి చూపెట్టిండు. గుర్వమ్మ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టి చూసింది. వాగు ఒడ్డున నీళ్లు కారుకుంట నిలబడ్డ ఇస్రాయేలును పోల్చుకున్నది. పెద్దకొడుకును ఇడిపిచ్చి తోల్కొచ్చిండనుకున్నది.

చక్రం పక్కననే నిలబడి, సద్దిమూట నెత్తి మీదికెళ్లి దించి, రెండు చేతులు జోడించి ఆయనకు మొక్కింది.